ఎదకు రాని పశువు గొడ్డుమోతేనా?

ఈని ఆరు నెలలైనను ఎదకు రాని పశువును గొడ్డుమోతని సంతకు తోలుట మన పల్లెలలో కొత్త కాదు. అట్లు తోలిన వానిలో నిజముగా గొడ్డుపోయినవి కొన్నియే. ఈ సంగతి బోధపడవలెనన్నచో, పశువు గర్భకోశములో దాదాపు 21 దినముల కొకసారి తిరుగు చక్రమును మనము తెలిసికొనవలెను.

ఈ చక్రమును నడుపునవి హార్మోనులు. ఇవి గ్రంథులలో పుట్టి, రక్తములో కలసి, దూరమందలి అవయవములచే పని చేయించును. మెదడు అడుగున నున్న పిట్యూటరీ గ్రంథి హార్మోనుల వలన అండాశయములో నీటిబుడగలవంటివి పెరుగును. వానిలో పెద్దదైన యొకటి ఈస్ట్రోజెనును స్రవించును. ఆవు అరచుట, తోటి పశువులు మీదికెక్కినను కదలక నిలుచుట, తేటయైన తీగలు వేయుట దీని ప్రభావమే. ఆవులో ఎద సుమారు 18 గంటలుండును. అది ముగిసిన 10, 12 గంటలకు బుడగ పగిలి అండము వెలువడును. కావుననే ఉదయము ఎద కనబడిన ఆవునకు సాయంకాలమును, సాయంకాలము కనబడినదానికి మరునాటి ఉదయమును కృత్రిమ గర్భోత్పత్తి చేయింతురు.

పగిలిన బుడగ చోట పసుపుపచ్చని గ్రంథి యొకటి ఏర్పడి ప్రొజెస్టిరోనును స్రవించును. ఇది గర్భాశయమును పిండమునకు సిద్ధపరచును. మరల ఎద రాకుండ ఆపును. చూడి కట్టినచో ఈ గ్రంథి ఈనువరకు నిలుచును. కట్టనిచో 17వ దినము ప్రాంతమున గర్భాశయము నుండి ప్రోస్టాగ్లాండిను వెలువడి దానిని కరగించును. గొఱ్ఱెలలో ఈ రహస్యము 1972లో వెల్లడియైనది. ఆ పిమ్మట ఆ పదార్థమే పశువులకు సూదిమందైనది.

ఎద కనబడకుండుటకు కారణములు పలు విధములు. పశువు చూడితో నుండవచ్చును. ఎద వచ్చియు మన కంటబడక పోవచ్చును. గేదెలలో, అందును వేసవిలో, లక్షణములు మందముగా నుండి తరచు రాత్రివేళ కనబడును. మేత చాలక చిక్కిన పశువులో అండాశయము పని మానియుండవచ్చును. గర్భాశయములో చీము చేరినచో పచ్చని గ్రంథి కరగక నిలిచిపోవును.

పొరుగువారి ఆవునకు పనిచేసినదని అదే సూదిమందు మన పశువునకు వేయించుట ప్రమాదము. పచ్చని గ్రంథి యున్న పశువునకు ప్రోస్టాగ్లాండిను ఇచ్చినచో, రెండు మొదలు అయిదు దినములలో ఎద వచ్చును. గ్రంథి లేనిచో మందు వృథా. పశువు చూడిదైనచో ఈచుకొనిపోవును! అందుచేత పశువైద్యుడు చేతితో పరీక్షించి, చూడి లేదని నిశ్చయించిన పిమ్మటనే ఈ మందు వేయవలెను.

ఆవు చూడిమోయు కాలము సుమారు 280 దినములు. ఏడాదికొక ఈత కావలెనన్నచో, ఈనిన 85 దినములలో అది చూడి కట్టవలెను. ఒక్క ఎద తప్పిపోయినచో 21 దినముల పాడి వెనుకబడును. కనుక ఈనిన తేదీ, ఎద తేదీ గోడ క్యాలెండరుపై వ్రాసికొందము. ఉదయ సాయంకాలములే గాక, పడుకొనబోవునపుడును ఒకసారి కొట్టము చూచి వత్తము. పచ్చిమేత, దాణా, లవణమిశ్రమము లోపింపనీయకుందము. 60 దినములకును ఎద కనబడనిచో పరీక్ష చేయింతము. అది జరుగకుండ ఏ పశువునకును గొడ్డుమోతన్న పేరు పెట్టవలదు.