కూత గుట్టు డబ్బా లోపలే

చూపులకు రెండూ ఒకటే. గీసి చూస్తే ఒకటి పెట్టలా కూస్తుంది, రెండోది కీచుమంటుంది. అమెరికాలో టర్కీ కోడిపుంజును రప్పించేందుకు వేటగాళ్లు వాడే గుండ్రటి చెక్క డబ్బాలివి. పేరు 'పాట్ కాల్'. పైనున్న పలకరాయి లేదా గాజు బిళ్లపై పుల్లతో గీస్తే, అది క్షణంలో ఎన్నోసార్లు అంటుకుని జారుతుంది. వయొలిన్ తీగపై కమాను చేసేదీ ఇదే. ఆ కంపనాలను లోపలి గాలి, దిమ్మెపై అతికించిన రెండో బిళ్ల, అడుగున ఉన్న రంధ్రాలు కలిసి తీర్చిదిద్దుతాయి. రంధ్రాలు మారకుండా గాలిగది చిన్నదైతే దాని అనునాద పౌనఃపున్యం పెరుగుతుంది. అందుకే చేత్తో చేసేవారు బిళ్లల మధ్య ఎడాన్ని పదేపదే సరిచూసుకుంటారు. పెట్టకూత సన్నగా మొదలై బొంగురుగా దిగాలి. ఆ మలుపు పలక్కపోతే, పైచెక్కడం ఎంత నునుపైనా పుంజు ఇటు రాదు.