కుశలప్రశ్న

త్రోవలో నెదురైనవారిని "భోజనమైనదా?" అని యడుగుదుము. వారేమి భుజించిరో తెలిసికొనుటకై యడుగుట లేదు. "మబ్బు పట్టినది, వాన పడునా?" అనుటయు నట్టిదే, ఆకాశము ఇరువురకును కనబడుచునే యున్నది. ఇట్టి మాటలకు ఫలము స్నేహబంధము నిలుచుట. మలినోవ్‌స్కీ యను మానవశాస్త్రజ్ఞుడు 1923లో ప్రచురించిన వ్యాసమున ఈ ధర్మమునే వివరించెను. మన పెద్దలు దీనిని కుశలప్రశ్న మనిరి.

1975 ఆగస్టు మొదలు ఒక సంవత్సరము ఉపగ్రహము మూలమున ఆరు రాష్ట్రములందలి సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు చేరినవి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. నాడు ఊరికొక్క పెట్టె యగుటచే జనులు గుమిగూడి చూచిరి. చూచుటతోబాటు మాటయు సాగెను. నేడు ఇంటింట పెట్టె గలదు. అతిథికి తేనీ రిచ్చి, మన కన్నులు తెరమీదనే నిలుపుచున్నాము.

అన్నమునకు లోటు లేదు గాని, తింటివా యని యడుగువారు లేరని నా యీడువారు పలుమారు నాతో చెప్పుకొందురు. కావున ఎవరైనను మన గడప త్రొక్కినపుడు పెట్టె నాపి, వాన సంగతియో పైరు సంగతియో యడుగుడు. ఆ ప్రశ్నకు వ్యయము లేదు. దాని విలువ అది దొరకనివారికి బాగుగా తెలియును.