పొద్దున్నే మారిపోయే తెర



మన కంప్యూటర్ గదిలో కిటికీ పక్కనున్న కంప్యూటర్ సంగతి మీకు తెలిసిందే. రాత్రి స్టడీ అవర్లో తెర సరిచేసి ఆపేవాళ్లం. పొద్దున్నే ఆన్ చేస్తే అక్షరాలు మళ్లీ లావెక్కేవి. గుండ్రటి చక్రం గీస్తే కోడిగుడ్డులా కనబడేది. పదో తరగతి అన్నలు పాలిసెట్ దరఖాస్తు నింపుతుంటే ఫారం కుడి అంచు తెర బయటికి పోయేది. "ఏం నొక్కార్రా?" అని అందరం ఆరో తరగతి తమ్ముళ్ల మీద పడ్డాం. వారం రోజులు వాళ్లని గదిలోకే రానివ్వలేదు. అసలు కారణం తెలిశాక ఇది రాస్తున్నాను.

తెర నిండా పిక్సెళ్లు అనే చిన్న చుక్కలుంటాయి. మన మానిటర్‌లో అవి అడ్డంగా 1366, నిలువుగా 768. ఈ లెక్కనే రిజల్యూషన్ అంటారు. కంప్యూటర్ 1024, 768 లెక్కన బొమ్మ పంపితే మానిటర్ దాన్ని పక్కలకు సాగదీస్తుంది. చక్రం గుడ్డయ్యేది అందుకే.

మరి రోజూ ఎందుకు మారుతుంది? కంప్యూటర్ ఆన్ కాగానే "నీ కొలత ఎంత?" అని మానిటర్‌ని అడుగుతుంది. మానిటర్ తన కొలతల చీటీ పంపుతుంది. దాని పేరు ఈడీఐడీ. ఈ పద్ధతి 1994లో వచ్చింది. చీటీ అందకపోతే కంప్యూటర్ ఏ మానిటర్‌కైనా సరిపోయే చిన్న కొలత వాడుకుంటుంది. హాజరు లెక్క అందకపోతే మన వంట అక్క అంచనాకు వండినట్టే అన్నమాట.

మన మానిటర్‌ది నీలం మూతి ఉన్న వీజీఏ కేబుల్. అందులో 3 వరుసల్లో 15 పిన్నులుంటాయి. 1, 2, 3 పిన్నులు రంగులు మోస్తాయి. చీటీ వచ్చేది మాత్రం 12, 15 పిన్నుల మీదుగా. మన కేబుల్లో 12వ పిన్ను వంగిపోయింది. రంగులు బాగానే వస్తున్నాయి కాబట్టి కేబుల్‌ని ఎవరూ అనుమానించలేదు!

మీ కంప్యూటర్‌కీ ఇలాగే అయితే వరుసగా ఇవి చెయ్యండి:

1. విండోస్‌లో ఖాళీ తెర మీద మౌస్ కుడి బటన్ నొక్కి డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరవండి. 'రికమెండెడ్' అని ఉన్న రిజల్యూషన్ ఎంచుకుని, 'కీప్ ఛేంజెస్' నొక్కండి. 15 సెకన్లలో నొక్కకపోతే పాతదే వచ్చేస్తుంది.

2. మర్నాడు మళ్లీ మారితే, కరెంటు ఆపి, కేబుల్ రెండు కొనలూ విప్పి పిన్నులు చూడండి. కొన్ని కేబుళ్లలో 9వ పిన్ను తయారీలోనే ఉండదు, కంగారు పడొద్దు. వంగిన పిన్ను మీరు ముట్టుకోవద్దు, సార్‌కి చూపించండి. తిరిగి పెట్టాక రెండు పక్కలా స్క్రూలు బిగించండి.

3. ముందు మానిటర్, తర్వాత సీపీయూ ఆన్ చెయ్యండి.

4. అప్పటికీ కుదరకపోతే డివైస్ మేనేజర్‌లో 'డిస్‌ప్లే అడాప్టర్స్' చూడండి. అక్కడ 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అసలు డ్రైవర్ లేదని అర్థం. కంప్యూటర్ కంపెనీ వాళ్ల డ్రైవర్‌ని సార్ చేత వేయించాలి.

మన సార్ చిన్న పట్టకారుతో పిన్ను నిలబెట్టారు. మర్నాడు పొద్దున తెర నిండుగా వచ్చింది. అన్నల ఫారం కూడా అంచుల దాకా కనబడింది.

ఆరో తరగతి తమ్ముళ్లూ, మీ తప్పేమీ లేదు. మమ్మల్ని క్షమించండి. వార్డెన్ సార్‌కి ఒక మనవి: వంచి నిలబెట్టిన పిన్ను ఎన్నాళ్లో ఆగదు. ఇంకో కేబుల్ తెప్పించి పెడితే మేలు.

— 9వ తరగతి విద్యార్థి