పాదరక్షలు లేని పరుగు

పాఠ్యభాగ పరిచయం

శరీరాన్ని సాధనతో తీర్చిదిద్దుకోవడం ఒక విద్య. ఏ విద్యకైనా క్రమం, ఓర్పు, వివేకం అవసరం. పాదరక్షలు లేకుండా దూరపు పరుగు తీసే అభ్యాసంలోని సత్యాసత్యాలను, వారంవారీ సాధనాక్రమాన్ని, కండరాల నొప్పి స్వభావాన్ని, దానిని ఎదుర్కొనే తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. ఓర్చుకోదగిన నొప్పిని, లక్ష్యపెట్టవలసిన నొప్పిని వేరుచేసి గుర్తించే వివేకాన్ని విద్యార్థుల్లో కలిగించడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

1960 సెప్టెంబర్ 10వ తేదీ సాయంసమయం. రోమ్ నగరంలో ఒలింపిక్ క్రీడల మారథాన్ పరుగు మొదలైంది. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్ల దూరం. ఆనాటి పోటీ కాపిటోలిన్ కొండ చెంత ప్రారంభమై, కాన్‌స్టంటైన్ విజయతోరణం వద్ద ముగిసింది. పోటీ సాగుతుండగానే చీకటి పడింది. ప్రాచీనమైన అప్పియన్ రహదారి వెంట సైనికులు కాగడాలు పట్టి నిలిచారు. ఆ వెలుగులో, రాళ్లు పరిచిన బాటమీద, 11వ సంఖ్య ధరించిన ఒక ఇథియోపియా యువకుడు ఉత్తకాళ్లతో పరుగెత్తుతున్నాడు. అతడి పేరు అబెబె బికిలా. చక్రవర్తి అంగరక్షక దళంలో సైనికుడు. అప్పటికి అతడి పేరు ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో అతడు గమ్యం చేరాడు. మారథాన్‌లో అంతవరకు ఎవరూ అంత వేగంగా పరుగెత్తలేదు. మొరాకోకు చెందిన రాది బెన్ అబ్దెసలామ్ సుమారు 25 సెకన్ల తరువాత రెండవవాడుగా వచ్చాడు. గమ్యానికి కొద్ది దూరంలో అక్సూమ్ శిలాస్తంభం ఉండేది. ఇథియోపియాను ఆక్రమించిన ఇటలీ సేనలు 1937లో దానిని తమ రాజధానికి తరలించుకుపోయాయి. ఆ స్తంభం వచ్చేవరకు ప్రత్యర్థి పక్కనే ఉండి, అక్కడినుంచే బికిలా వేగం పెంచి ముందుకు దూసుకుపోయాడు. తన దేశపు శిల పరాయి నేలమీద నిలిచిన చోటే అతడి విజయం ఖాయమైంది. ఆ స్తంభం 2005లో ఇథియోపియాకు తిరిగి చేరింది. 2008లో దానిని స్వస్థానంలో నిలబెట్టారు.

ఈ కథ విన్నవారు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తారు. పేదరికం వల్ల బూట్లు లేక అతడు అలా పరుగెత్తాడనుకోవడం మొదటిది. బూట్లు విడిచినందువల్లనే గెలిచాడనుకోవడం రెండవది. రెండూ నిజం కావు. రోమ్‌లో దొరికిన బూట్లు అతడి పాదాలకు సరిపడలేదు. పాదాలు బొబ్బలెక్కే ప్రమాదం కనిపించింది. ఉత్తకాళ్లతో పరుగు అతడికి మునుపే అలవాటైన విద్య. కనుక తెలియని బూట్లకంటే తెలిసిన పాదాలే మేలని ఎంచుకున్నాడు. నాలుగేళ్ల తరువాత, 1964లో టోక్యోలో బూట్లు తొడుక్కొని పరుగెత్తి, 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ స్వర్ణం గెలుచుకున్నాడు. ఒలింపిక్ మారథాన్‌ను రెండుసార్లు గెలిచిన మొదటివాడయ్యాడు. విజయానికి మూలం బూట్లలోనూ లేదు, బూట్లు లేకపోవడంలోనూ లేదు. సంవత్సరాల తరబడి సాగిన సాధనలో ఉంది.

మన దేశంలోనూ ఇటువంటి సాధకుడు ఒకడున్నాడు. బీహార్‌కు చెందిన శివ్‌నాథ్ సింగ్ ఉత్తకాళ్ల పరుగుకు పేరుపొందినవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్ మారథాన్‌లో అతడు 11వ స్థానంలో నిలిచాడు. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలలో మారథాన్ పూర్తిచేసి నెలకొల్పిన జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు.

ఈ పరుగులోని మర్మం తెలియాలంటే ముందు పాదాన్ని గురించి తెలుసుకోవాలి. పద్యంలోని ఒక్కొక్క పంక్తిని మన లాక్షణికులు పాదమన్నారు. పద్యం నడక పాదాలను బట్టి ఉన్నట్లే, మనిషి నడక అతడి పాదాల నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఒక్కొక్క పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉన్నాయి. వీటిని కండరాలు, స్నాయుబంధనాలు, సంధిబంధనాలు కలిపి పట్టి ఉంచుతాయి. అరికాలి వంపు భారం పడినప్పుడు కొంచెం అణగి, భారం తొలగగానే తిరిగి లేస్తుంది. పిక్కను మడమ ఎముకతో కలిపే బలమైన స్నాయుబంధనం వింటినారి వలె సాగి, ముడుచుకొని, దేహాన్ని ముందుకు నెడుతుంది.

మెత్తని మడమ ఉన్న బూట్లు తొడుక్కొన్నవారిలో పెక్కుమంది పరుగెత్తేటప్పుడు మొదట మడమను నేలకు మోపుతారు. మెత్త ఆ తాకిడిని కొంత హరిస్తుంది. బూట్లు విడిచి గట్టినేలపై అలాగే మడమ మోపితే నొప్పి కలుగుతుంది. అందువల్ల ఉత్తకాళ్ల పరుగుకు అలవాటుపడినవారు తెలియకుండానే పాదం ముందుభాగాన్నో, మధ్యభాగాన్నో ముందుగా ఆనిస్తారు. అడుగులు పొట్టివై, వాటి సంఖ్య పెరుగుతుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేనియల్ లీబర్మన్, ఆయన సహచరులు కెన్యా, అమెరికా దేశాల పరుగు సాధకులను పరిశీలించి 2010లో ఈ విషయాన్ని ప్రకటించారు. పాదం ముందుభాగం ఆనించి పరుగెత్తేవారిలో, నేల తాకిన క్షణంలో ఉన్నట్టుండి కలిగే దెబ్బవంటి బలం చాలా తక్కువగా ఉంటుందని వారు చూపారు.

అయితే దీనివల్ల గాయాలు కలగవని ఎవరూ నిరూపించలేదు. భారం మాయం కాదు, చోటు మారుతుంది. మోకాలిమీద తగ్గిన ఒత్తిడి పిక్కమీద, మడమ వెనుక స్నాయుబంధనంమీద, పాదపు సన్నని ఎముకలమీద పడుతుంది. చిన్నతనం నుంచి బూట్లు తొడిగినవారిలో ఈ భాగాలు బలహీనంగా ఉంటాయి. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. స్నాయుబంధనానికీ ఎముకకూ నెలలు పడుతుంది. ఉత్సాహం మాత్రం ఒక్కరోజులోనే పెరుగుతుంది. ఈ తేడాయే పెక్కు గాయాలకు కారణం. పలుచని బూట్లకు 10 వారాల్లో మారజూసిన కొందరు పరుగు సాధకుల పాదపు ఎముకల్లో ఒత్తిడి వల్ల కలిగిన వాపు కనిపించినట్లు 2013లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది.

కాబట్టి ఉత్తకాళ్ల పరుగుకు మొదటి సూత్రం నిదానం. ‘పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు’ అన్న సామెత, విచిత్రంగా, పరుగు నేర్చుకునేవారికే ఎక్కువగా వర్తిస్తుంది. మొదట కొన్ని రోజులు ఇంటా బయటా ఉత్తకాళ్లతో నడవాలి. ఆ తరువాత, రోజు విడిచి రోజు, 400 మీటర్లకు మించకుండా పరుగు మొదలుపెట్టాలి. నేల శుభ్రంగా, సమతలంగా ఉండాలి. నేల మరీ మెత్తనైతే పాదం తన తప్పును తాను తెలుసుకోలేదు. మిగిలిన పరుగును అలవాటైన బూట్లతోనే సాగించవచ్చు. ఉత్తకాళ్ల దూరాన్ని వారానికి పదోవంతుకు మించి పెంచకపోవడం మంచిది.

ఒక వారపు సాధన ఇలా ఉండవచ్చు. సోమవారం ఉత్తకాళ్లతో కొద్దిపాటి పరుగు. మంగళవారం బూట్లతో తేలిక పరుగు. బుధవారం మళ్లీ ఉత్తకాళ్ల అభ్యాసం. దానితోపాటు మడమలెత్తి మునివేళ్లపై నిలిచే వ్యాయామం. గురువారం పూర్తి విశ్రాంతి. శుక్రవారం మూడవసారి ఉత్తకాళ్ల పరుగు. శనివారం నడక. ఆదివారం బూట్లతో ఆ వారానికెల్లా పొడవైన పరుగు. అదైనా పక్కవారితో మాట్లాడగలిగేంత నింపాదిగా సాగాలి. కష్టమైన రోజు తరువాత తేలికైన రోజు రావడం ఈ క్రమంలోని కీలకం. సాధన కండరాన్ని అలసింపజేస్తుంది. దానిని బలపరిచేది విశ్రాంతి. సంస్కృత ఛందస్సులో యతి విరామస్థానం. యతిలేని పద్యం చదవడానికి ఊపిరి చాలనట్లే, విశ్రాంతిలేని సాధనను శరీరం భరించలేదు.

ఎంత జాగ్రత్తపడినా కొత్త సాధకుడికి పిక్కలు నొప్పిపెట్టక మానవు. పరుగెత్తిన రోజు ఏమీ తెలియదు. మరునాడు మొదలై, రెండు మూడు రోజుల్లో నొప్పి పరాకాష్ఠకు చేరి, ఆపైన క్రమంగా తగ్గుతుంది. దీనికి కారణం లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడమేనని చాలాకాలంగా ఒక నమ్మకం ఉంది. అది పొరపాటు. వ్యాయామంలో పెరిగిన లాక్టేట్, విశ్రమించిన గంట రెండు గంటల్లోనే మామూలు స్థాయికి వస్తుంది. మరునాటి నొప్పికి అది కారణం కాజాలదు. కండరపు తంతువుల్లో కలిగే అతిసూక్ష్మమైన చిట్లులు, వాటిని సరిదిద్దే ప్రయత్నంలో శరీరం కల్పించే తాపం ఈ నొప్పికి ముఖ్య కారణాలు. కండరాల నొప్పికి మూలం ఇటువంటి చిట్లుల్లో ఉండవచ్చునని థియొడోర్ హఫ్ 1902లోనే సూచించాడు.

కండరం కుదించుకుంటూ పనిచేసినప్పటికంటే, భారాన్ని మోస్తూ సాగినప్పుడు ఈ చిట్లులు ఎక్కువ. మెట్లదారిన కొండ ఎక్కినప్పుడు ఆయాసం ఎక్కువ. దిగిన తరువాత తొడల నొప్పి ఎక్కువ. దిగేటప్పుడు తొడకండరాలు దేహభారాన్ని ఆపుతూ సాగడమే దీనికి కారణం. పాదం ముందుభాగం ఆనించి పరుగెత్తేటప్పుడు, మడమ నేలకు దిగే ప్రతి అడుగులోనూ పిక్కకు ఇదే పని పడుతుంది. అందుకే ఉత్తకాళ్ల పరుగు నేర్చేవారి నొప్పి అంతా పిక్కల్లోనే ఉంటుంది. శుభవార్త ఏమంటే, ఒకసారి ఈ శ్రమను చవిచూసిన కండరం, కొన్ని వారాల్లోపు అదే శ్రమ మళ్లీ ఎదురైతే అంతగా నొప్పిపెట్టదు. శరీరానికి జ్ఞాపకశక్తి ఉంది.

ఈ నొప్పికి తక్షణ నివారణోపాయం లేదు. తేలికగా నడవడం, మెల్లగా మర్దన చేసుకోవడం వల్ల ఉపశమనం కలుగుతుంది. కంటినిండా నిద్ర, తగినంత నీరు, పప్పు, గుడ్డు, పాలు వంటి మాంసకృత్తులున్న ఆహారం అవసరం. కండరాలను సాగదీసే వ్యాయామం ఈ నొప్పిని చెప్పుకోదగినంతగా తగ్గించదని పరిశోధనలు తేల్చాయి. నొప్పి మాత్రలు మింగి పరుగెత్తడం ప్రమాదకరం. అవి శరీరం చేసే హెచ్చరికను వినబడకుండా చేస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొన్ని మాత్రలు మూత్రపిండాలకు హాని చేస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది నొప్పుల్లో భేదం గుర్తించడం. రెండు కాళ్లలోనూ సమానంగా, కండరమంతటా వ్యాపించి, కదిలేకొద్దీ సడలి, మూడు నాలుగు రోజుల్లో తగ్గే నొప్పి సాధనలో భాగం. ఒకే కాలిలో, వేలితో చూపగలిగే ఒకే చోట, ముఖ్యంగా ఎముకమీద ఉండి, పరుగెత్తేకొద్దీ పెరిగే నొప్పి గాయానికి గుర్తు. మడమ వెనుక వాపు, ఉదయం మొదటి అడుగు వేయలేకపోవడం, విశ్రాంతిలోనూ వేధించే నొప్పి కనిపిస్తే పరుగు మాని వైద్యుణ్ణి సంప్రదించాలి. అమితశ్రమ తరువాత మూత్రం ముదురు గోధుమరంగుకు మారితే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. మొదటి నొప్పిని చూసి సాధన మానడం పిరికితనం. రెండవ నొప్పిని లెక్కచేయకపోవడం అవివేకం.

నేలను కూడా గమనించాలి. ముళ్లు, గాజుపెంకులు, ఇనుపముక్కలు ఉన్నచోట బూట్లు విడవరాదు. వేసవి మధ్యాహ్నపు తారురోడ్డు పాదాలను కాలుస్తుంది. మలంతో కలుషితమైన తడినేలలో కొంకిపురుగు పిల్లలు చర్మంగుండా దేహంలో ప్రవేశిస్తాయి. ధనుర్వాతపు టీకా వేయించుకొని ఉండాలి. మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారు ఈ అభ్యాసానికి పూనుకోరాదు. పాదం నేలతో మాట్లాడాలంటే ముందు అది వినగలగాలి కదా!

బికిలా జీవితపు చివరి ఘట్టం ఈ పాఠానికి తగిన ముగింపు. 1969లో జరిగిన కారు ప్రమాదంలో అతడి కాళ్లు చచ్చుబడ్డాయి. ప్రపంచం చూసిన ఆ పాదాలు మళ్లీ నేల మోపలేదు. అయినా అతడు చక్రాల కుర్చీలో కూర్చుని విలువిద్య నేర్చి, 1970లో ఇంగ్లండులో జరిగిన పోటీల్లో పాల్గొన్నాడు. 1973లో, 41 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కాళ్లు పోయినా అతడిలోని సాధకుడు పోలేదు. పాదరక్షలుంటేనేమి, లేకుంటేనేమి? క్రమం తప్పని అభ్యాసం, శరీరం చెప్పే మాటను వినే వినయం – ఈ రెండూ ఉన్నవాడే దూరం పరుగెత్తగలడు.

అర్థాలు

లాక్షణికులు = కావ్య, ఛందో లక్షణాలు చెప్పినవారు
స్నాయుబంధనం = కండరాన్ని ఎముకతో కలిపే పట్టీ
సంధిబంధనం = ఎముకను ఎముకతో కలిపే పట్టీ
పరాకాష్ఠ = చివరి హద్దు
తంతువు = పోగు, దారం వంటిది
ఉపశమనం = తగ్గుదల, ఊరట
ధనుర్వాతం = గాయం ద్వారా సోకే ఒక ప్రాణాంతక వ్యాధి

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఉత్తకాళ్ల పరుగుకు సాధకుడు పాటించవలసిన క్రమాన్ని వివరించండి.
2. కండరాల నొప్పికి కారణాలను, దానిని ఎదుర్కొనే తీరును తెలపండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. బికిలా రోమ్‌లో బూట్లు లేకుండా ఎందుకు పరుగెత్తాడు?
2. ‘భారం మాయం కాదు, చోటు మారుతుంది’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
3. సాధనలో భాగమైన నొప్పికీ గాయానికీ గల భేదమేమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మారథాన్ దూరం ఎంత?
2. ఒక పాదంలో ఎన్ని ఎముకలు ఉన్నాయి?
3. శివ్‌నాథ్ సింగ్ ఏ రాష్ట్రానికి చెందినవాడు?