ఆపరేషన్ తర్వాత ఆ వణుకెందుకు?

బుజ్జమ్మా, థియేటర్ నుంచి బయటికి తెచ్చాక మీ అత్త గడగడా వణికితే, ఏసీ ఎక్కువ పెట్టారని నువ్వన్నావు కదా. ఏసీ పాత్ర కొంత ఉందిలే. అసలు పని మాత్రం మత్తుమందుది.

మన మెదడులో హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంటుంది. ఒంటి వేడిని 37 డిగ్రీల దగ్గర అర డిగ్రీ కూడా అటూ ఇటూ పోనివ్వదు. కాస్త తగ్గిందా, కాళ్లూ చేతుల్లో రక్తనాళాలను బిగించి వేడిని గుండె, కాలేయం ఉన్న లోపలి భాగంలోనే దాచేస్తుంది. ఇంకా తగ్గితే వణుకు పుట్టిస్తుంది. కండరాలు కదిలితే వేడి పుడుతుంది మరి!

ప్రొపోఫాల్, సీవోఫ్లూరేన్ లాంటి మందులు మనిషితోపాటు ఆ కాపలాదారుణ్ణీ జోకొడతాయి. రెండు మూడు డిగ్రీలు పడిపోయినా దానికి పట్టదు. బిగిసి ఉన్న నాళాలు తెరుచుకుంటాయి, లోపలి వెచ్చని రక్తం చల్లటి కాళ్లలోకి పారుతుంది. వేడినీళ్ల బకెట్లో చన్నీళ్లు కలిపినట్టే. మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత డిగ్రీ, డిగ్రీన్నర దిగిపోతుంది. అందులో ఎక్కువ భాగం గదిలోకి పోయిన వేడి కాదు, ఒంట్లోనే జరిగిన పంపకం. మత్తు దిగేసరికి కాపలాదారు మేలుకుని, తగ్గిన వేడిని చూసి వణికిస్తాడు. నడుముకిచ్చే ఇంజెక్షన్‌తోనూ ఇంతే. కాళ్లు మొద్దుబారి ఉంటాయి కాబట్టి పై ఒళ్లు మాత్రమే వణుకుతుంది.

వణుకే కదా అని వదిలేయకూడదమ్మా. చల్లబడిన ఒంట్లో రక్తం సరిగ్గా గడ్డకట్టదు. పుండు దగ్గరికి ఆక్సిజన్ తక్కువ చేరుతుంది. 1996లో కుర్జ్, సెస్లర్ బృందం పెద్దపేగు ఆపరేషన్ అయిన 200 మందిని గమనించింది. వెచ్చగా ఉంచినవాళ్లలో నూటికి 6 మందికి పుండు చీము పట్టింది, చల్లబడినవాళ్లలో 19 మందికి! అందుకే మత్తు ఇవ్వకముందే ఓ అరగంట వెచ్చటి గాలి దుప్పటి కప్పడం మంచిది. కాళ్లు ముందే వెచ్చబడి ఉంటే లోపలి వేడి అంతగా దిగదు. వణుకు ఆగకపోతే ట్రమడాల్, పెథిడిన్ లాంటివి ఇస్తారు.

ఇలా ఒళ్లు చల్లబడటానికి పూర్తిగా ఎదురు జరిగేదీ ఒకటుంది. చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కాలు విరిగిన ఒక కుర్రాడు, విరిగిన కాలు కంటే మత్తుకే ఎక్కువ భయపడ్డాడు. ఈథర్ ఇచ్చాక వాళ్ల బంధువులు పదిమంది చనిపోయారట. హాలోథేన్ ఇస్తే అతనికీ ఒళ్లు కాలిపోయింది. వెంటనే మందు ఆపి, మంచుతో చల్లబరిచి బతికించారు. డెన్‌బరో, లోవెల్ అనే డాక్టర్లు ఆ కుటుంబం కథ రాశాకే ఇది వంశంలో వచ్చే లోపమని లోకానికి తెలిసింది. కండరాల్లో కాల్షియం అదుపు తప్పి, అవి ఆగకుండా వేడి పుట్టిస్తాయి. ఇప్పుడు డాంట్రోలీన్ అనే విరుగుడు ఉంది.

అందుకే మత్తు డాక్టరుగారు "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా?" అని అడిగితే, తాతల నాటి సంగతైనా సరే, గుర్తు తెచ్చుకుని చెప్పాలి.