చెరువు నుంచి సముద్రానికి: చేపల పడవలపై వికారం – నివారణ, జాగ్రత్తలు

పాకాల, రామప్ప, లక్నవరం వంటి ఉమ్మడి వరంగల్ జిల్లా చెరువుల్లో ఏళ్ల తరబడి వలలు వేసిన మత్స్యకారులకు నీరు కొత్త కాదు. తెప్పపై నిలబడి వల విసరడం వారికి నేలపై నడిచినంత అలవాటైన పని. అయితే అదే వ్యక్తి శిక్షణ కోసమో, ఉపాధి కోసమో విశాఖపట్నం చేపల రేవులో మరపడవ ఎక్కితే, తీరం కనుమరుగు కాకముందే కడుపులో తిప్పడం, చల్లని చెమటలు, ఆవలింతలు, నోట నీరూరడం మొదలు కావచ్చు. సముద్ర ప్రయాణంలో వచ్చే ఈ వికారాన్ని చాలామంది పిరికితనంగా, చేతగానితనంగా భావించి తోటివారి దగ్గర దాచుకుంటారు. వికారం కంటే దానిని దాచుకోవడమే ఎక్కువ ప్రమాదకరం.

దీని మూలం కడుపులో కాక లోపలి చెవిలో ఉంది. అక్కడి మూడు అర్ధవృత్తాకార నాళాలు తల తిరిగే కదలికను, వాటిని ఆనుకొని ఉన్న రెండు చిన్న సంచులు పైకీ కిందికీ జరిగే కదలికను గుర్తిస్తాయి. పడవ గదిలో కూర్చున్నప్పుడు ఎదుటి గోడ స్థిరంగా ఉన్నదని కన్ను చెబుతుంది, శరీరం ఊగుతున్నదని చెవి చెబుతుంది. ఈ రెండు సమాచారాలు పొసగకపోవడమే వికారానికి కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం. పుట్టు చెవిటివారిలో చాలామందికి గిరగిర తిప్పినా తల తిరగదని అమెరికన్ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1882లోనే గమనించారు. రెండు వైపులా లోపలి చెవి పనిచేయని వారికి సముద్రంపైనా వికారం రాదని తరువాత తేలింది.

మరి చెరువులో రాని బాధ సముద్రంలో ఎందుకు వస్తుంది? చెరువు విస్తీర్ణం తక్కువ కనుక గాలికి లేచే అలలు చిన్నవి, ఒకటి రెండు సెకన్లలో ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. మనిషిని అన్నింటికంటే ఎక్కువగా బాధించేది సుమారు ఐదు సెకన్లకు ఒకసారి పైకి లేచి కిందికి దిగే నిదానమైన ఊపు. ఇది చెరువులో ఉండదు, సముద్రపు పడవలో తప్పదు. కాబట్టి చెరువులో ఇరవై ఏళ్ల అనుభవం సముద్రంలో రక్షణ కాదు. వల లాగడానికి ఇంజను ఆపి, పడవ అలలకు అడ్డంగా ఊగే సమయంలో బాధ మరింత పెరుగుతుంది.

సాధారణంగా రెండు మూడు రోజుల్లో శరీరం ఈ ఊపుకు అలవాటు పడుతుంది. ఒడ్డున ఎక్కువ కాలం ఉంటే ఆ అలవాటు సడలుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ముగిసిన తరువాత మొదటి వేటకు వెళ్లే వేళకు నైరుతి రుతుపవనాలతో సముద్రం కూడా అలజడిగా ఉంటుంది కనుక, అనుభవజ్ఞులైన కళాసీలు సైతం ఇబ్బంది పడవచ్చు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ విడుదల చేసే అలల ఎత్తు, గాలి సూచనలను చూసి, కొత్తవారి తొలి ప్రయాణానికి సముద్రం ప్రశాంతంగా ఉండే రోజును ఎంచుకోవడం మంచిది.

బయలుదేరే ముందు రాత్రి కంటినిండా నిద్ర అవసరం. మద్యం పూర్తిగా మానాలి. ఖాళీ కడుపుతో వెళితే వాంతి రాదన్న నమ్మకం సరికాదు. నూనె, మసాలా లేని ఇడ్లీ, అటుకుల వంటి తేలికపాటి ఆహారం కొద్దిగా తీసుకోవాలి. మన ఇళ్లలో వాడే శొంఠికి కొంత ఆధారం ఉంది. 1988లో ప్రచురితమైన డెన్మార్క్ అధ్యయనంలో, 80 మంది నౌకాదళ శిక్షణార్థులకు ఒక గ్రాము శొంఠి పొడి లేదా మందు లేని పొడి ఇచ్చి చూడగా, శొంఠి తీసుకున్నవారిలో వాంతులు, చల్లని చెమటలు తగ్గాయి. వికారంలో మాత్రం చెప్పుకోదగిన తేడా రాలేదు. కనుక దానిపై అతిగా ఆశ పెట్టుకోరాదు.

ప్రోమెథజిన్, డైమెన్‌హైడ్రినేట్, సిన్నరిజిన్, మెక్లిజిన్ వంటి మాత్రలు బాగా పనిచేస్తాయి కానీ, ప్రయాణానికి ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక మింగిన మాత్ర కడుపులో నిలవదు. ఈ మందులన్నీ ఏదో ఒక మేరకు మత్తు కలిగిస్తాయి, ప్రోమెథజిన్‌తో అది మరీ ఎక్కువ. ప్రయాణికుడికి ఆ మత్తు సుఖం కావచ్చు కానీ, వించ్ దగ్గర తాడు పట్టుకున్న వ్యక్తికి అది చేతివేళ్లకో ప్రాణానికో ముప్పు. మాత్ర వేసుకున్నవారికి ఆ పూట వించ్, చుక్కాని పనులు అప్పగించరాదు. నీటికాసులు, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా వీటిని వాడరాదు. కొత్త మందును ముందుగా ఇంటి దగ్గర ఒకసారి వేసుకొని, మత్తు ఎంత ఉందో చూసుకోవడం మేలు.

పడవ ఎక్కాక మధ్యభాగంలో కూర్చోవాలి, ముందు కొనలో ఊపు ఎక్కువ. డీజిల్ పొగ, చేపలు నిల్వచేసే గది వాసన తగలకుండా గాలి వచ్చే చోట ఉండి, నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉంటే కన్ను, చెవి ఏకీభవిస్తాయి. సెల్‌ఫోను చూడటం, వంగి వల చిక్కులు తీయడం బాధను పెంచుతాయి. చూపు నిలపలేని స్థితిలో తలను కదలకుండా ఆన్చి, కళ్లు మూసుకొని వెల్లకిలా పడుకోవాలి.

వాంతి వచ్చినప్పుడు పడవ అంచుపై వంగడం అందరూ చేసే పని, అన్నిటికంటే ప్రాణాంతకమైన పని కూడా. నీరసించిన మనిషి, తడిసిన చెక్క, ఒక్క పెద్ద అల చాలు. రాత్రివేళ పడిపోయినవారిని ఎవరూ గమనించకపోవచ్చు. ఒక బక్కెట్టు దగ్గర ఉంచుకోవడం, లైఫ్ జాకెట్ విప్పకపోవడం, పక్కన ఒకరు ఉండటం తప్పనిసరి.

వేట వారం, పదిహేను రోజులు సాగే పడవల్లో నిర్జలీకరణ మరో ముప్పు. లీటరు మంచినీటిలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, అది లేకుంటే ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, ఒకేసారి తాగించక గుక్కెడు గుక్కెడుగా ఇవ్వాలి. మూత్రం గంటల తరబడి రాకపోయినా, మాట తడబడినా, వాంతిలో రక్తం కనిపించినా వేట ఆపి ఒడ్డుకు మళ్లాలి. డీజిల్ ఖర్చు లెక్క చూసే సమయం కాదది. సహాయం కోసం వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్‌లో గానీ, సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ 1554 నంబరుకు గానీ తెలియజేయవచ్చు.

తీరం చేరాక కూడా కొన్ని గంటలపాటు నేల ఊగుతున్నట్లు అనిపించడం సహజం. అది తగ్గేవరకు మోటారు సైకిలు నడపరాదు. కొన్ని వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుని సంప్రదించాలి.