పేరు పోయింది, ఫైలు పోలేదు

మినీ ప్రాజెక్ట్ సబ్మిషన్‌కి ముందు రాత్రి. మా పైథాన్ ప్రోగ్రామ్ పొద్దుటి నుంచి సెన్సర్ రీడింగులు ఒక ఫైల్లో రాస్తోంది. ఫోల్డర్ కాస్త శుభ్రం చేద్దామని ఆర్ఎం కమాండ్ కొట్టాను. పాత ఫైళ్లతో పాటు ఆ రీడింగుల ఫైలూ ఎగిరిపోయింది. విచిత్రం ఏంటంటే, ప్రోగ్రామ్ మాత్రం ఒక్క ఎర్రరూ ఇవ్వకుండా నడుస్తూనే ఉంది. కంట్రోల్ సీ నొక్కబోతుంటే రూమ్మేట్ అరిచాడు: "ఒరేయ్, ఆపకు! ఆపితే నిజంగానే పోతుంది."

వాడు చెప్పింది నిజం. లినక్స్‌లో ఫైలు వేరు, దాని పేరు వేరు. ఫైలు సైజు, ఓనరు, పర్మిషన్లు, డేటా డిస్క్‌లో ఎక్కడుందో, ఇవన్నీ ఉండేది ఐనోడ్‌లో. అందులో పేరు ఉండదు. పేరు ఉండేది డైరెక్టరీలో. డైరెక్టరీ అంటే ఫలానా పేరుకి ఫలానా ఐనోడ్ నంబర్ అని రాసి ఉన్న పట్టిక, అంతే. ఒకే ఐనోడ్‌కి రెండు పేర్లు కూడా ఉండొచ్చు, దాన్నే హార్డ్ లింక్ అంటాం. ఆర్ఎం వెనక జరిగే సిస్టమ్ కాల్ పేరు కూడా 'డిలీట్' కాదు, 'అన్‌లింక్'.

ప్రోగ్రామ్ ఫైలు ఓపెన్ చేసినప్పుడు కెర్నెల్ ఇంకో రికార్డు తయారుచేస్తుంది. ఎంతవరకు చదివాం, రాశాం అన్నది అందులో ఉంటుంది. ప్రోగ్రామ్ చేతికి వచ్చేది ఒక చిన్న నంబరు, అదే ఫైల్ డిస్క్రిప్టర్. 0, 1, 2 ముందే వాడేసి ఉంటాయి కాబట్టి మాది 3. ఇక అక్కడి నుంచి పేరుతో పని లేదు. రిజిస్టర్లో పేరు కొట్టేసినా క్లాసులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే! పేర్ల లెక్క సున్నా అయ్యి, ఓపెన్ చేసినవాళ్లూ ఎవరూ లేనప్పుడే కెర్నెల్ ఆ ఐనోడ్‌ని వదిలేస్తుంది.

రూమ్మేట్ ప్రోక్ డైరెక్టరీలో మా ప్రాసెస్ నంబర్ వెతికి, దాని కింద ఎఫ్‌డీ ఫోల్డర్ తెరిచాడు. 3 పక్కన పాత పేరు, చివర 'డిలీటెడ్' అని ఉంది. దాన్ని మామూలుగా సీపీతో కాపీ చేశాం. పైథాన్ బఫర్లోనే ఉండిపోయిన చివరి కొన్ని రీడింగులు తప్ప అన్నీ వచ్చాయి. (పెద్ద లాగ్ ఫైలు తీసేసినా డీఎఫ్‌లో ఖాళీ పెరగకపోవడానికి కారణం కూడా చాలాసార్లు ఇదే. ఎవరో దాన్ని ఇంకా తెరిచి ఉంచారు.)

భయంతో వెంటనే పెన్‌డ్రైవ్ పెట్టి, బ్యాకప్ అనే ఫోల్డర్ మీద మౌంట్ చేశాను. అందులో ఉన్న పాత రిపోర్టులు మాయం! మళ్లీ గుండె జారింది.

కెర్నెల్ పాత్‌ని ఒక్కో ముక్కగా నడుస్తుంది. ప్రతి ముక్క దగ్గరా 'దీని మీద ఏమైనా మౌంట్ అయ్యి ఉందా?' అని చూస్తుంది. ఉంటే కొత్త ఫైల్‌సిస్టమ్ మొదటికి దూకేస్తుంది. పాత డైరెక్టరీ కింద అలాగే ఉంటుంది, మనకి దారే ఉండదు. ఐనోడ్ నంబర్లు కూడా ఏ ఫైల్‌సిస్టమ్‌వి దానివే. అందుకే హార్డ్ లింక్ పెన్‌డ్రైవ్‌లోకి దాటదు.

ఫైలు కాపీ చేసి యూమౌంట్ కొడితే 'టార్గెట్ ఈజ్ బిజీ' అంది. చూస్తే నా టెర్మినల్ ఆ ఫోల్డర్లోనే కూర్చుని ఉంది. కెర్నెల్ దాన్ని కూడా లెక్కపెట్టింది. ఒక మెట్టు బయటికొచ్చి మళ్లీ కొట్టాను. రిపోర్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి.